సగం తోమిన గిన్నె

మ్యూజియం గేటు ఇంకా దాటనే లేదు, నవసాగరం పొగ వాసన వచ్చి ముక్కును పట్టుకుంది. ఆ వాసన ఎరగనివాళ్ళకు చెప్పడం కష్టం. గొంతులో గీరుకుంటుంది, కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది, అయినా ఇంకోసారి పీల్చబుద్ధి అవుతుంది. కాలిన రాగి మీద నవసాగరం పొడి చల్లినప్పుడు లేచే తెల్లటి పొగ అది. అది లేచిందంటే అక్కడ గిన్నెల లోపల తగరం పూత, అదే కళాయి, పోసే మనిషి ఉన్నట్టే. మా టౌను మ్యూజియంలో ఈమధ్య ఆదివారాలు పాత పనులు తెలిసినవాళ్ళను పిలిపించి పిల్లల ముందు చేయిస్తున్నారట, కొన్ని వస్తువులు ముట్టుకోనిస్తున్నారట, అడిగినదానికల్లా ఓపికగా జవాబు చెబుతున్నారట. బడిలో టీచరు చెప్పిందని నా మనవరాలు సానియా "నానీ, నడువు నానీ" అంటూ నా ప్రాణం తీసి పట్టుకొచ్చింది. ఈ రోడ్డు మీద కూరగాయలకు, దవాఖానాకు, కుట్టుమిషను రిపేరుకు ఎన్నిసార్లు పోయానో, ఆ గేటు లోపలికి మాత్రం ఒక్కసారీ పోలేదు. పోనని ఒట్టేమీ పెట్టుకోలేదు. లోపల ఒక రాగి గిన్నె ఉందని తెలుసు, ఆ గిన్నె మూలంగా మా నాన్నను, మా అబ్బాను, జీపెక్కించి తీసుకుపోయారు, అందుకని పోబుద్ధి కాలేదు, అంతే.

అబ్బాకు వేరే పేరుందని చాలామందికి తెలియదు, పినపాక చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయన కళాయి సాయిబు. వానలు వెలిసి, అడవి బాటల్లో బురద గట్టిపడి, వాగుల్లో నీళ్ళు మోకాలి దాకా దిగగానే సైకిలుకు ఒక పక్క పొయ్యి ఊదే మేకతోలు తిత్తి, ఇంకో పక్క బొగ్గుల గోనె, హ్యాండిలుకు తగరం ముక్కల సంచీ కట్టుకుని బయలుదేరేవాడు. దసరా సెలవులు కాబట్టి నన్నూ వెనక కూర్చోబెట్టుకునేవాడు. అమ్మీకి ఇంట్లో చిన్నపిల్లలతో సరిపోయేది, నేను లేకుంటే ఆమెకే హాయి. నా నోటికి ఆమె తట్టుకోలేకపోయేది. దారి పొడుగునా తడి ఆకుల వాసన, ఎండకు వేడెక్కుతున్న టేకాకుల వాసన, ఎక్కడో బొగ్గు కాలుస్తున్న కమురు, తొలిసారి కోసిన వరి పొలాల్లోంచి వచ్చే పచ్చి గడ్డి వాసన, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడేవి. అబ్బా తొక్కుతూ తొక్కుతూ పాట అందుకునేవాడు, ఎత్తు చడావు రాగానే పాట ఆపేసేవాడు, అయినా నన్ను దిగమనేవాడు కాదు.

గోదావరి వైపు అడవిలో ఒక కోయ ఊరుండేది. పేరు రాయను, రాయడం ఆ ఊరివాళ్ళకు ఇష్టం లేదు. ఏటా కొత్తల పండుగకు ముందు మేం అక్కడ దిగేవాళ్ళం. కొత్త వడ్లు దంచి, వండి, ముందు చచ్చిపోయిన పెద్దలకు పెట్టి, ఆ తరవాతే ఇంట్లోవాళ్ళు కొత్త బియ్యం నోట పెట్టాలి; అంతవరకు పసిపిల్లలు ఏడ్చినా ఒక్క మెతుకు పెట్టరు. పెద్దలకు వండే గిన్నెలు మెరవాలి కదా, అందుకని ఊరి ఆడవాళ్ళంతా రాగి బిందెలు, ఇత్తడి గిన్నెలు చంకన పెట్టుకుని మా పొయ్యి దగ్గర కూర్చునేవాళ్ళు. బడి పక్కన చింతచెట్టు కింద అబ్బా గుంట తవ్వి తిత్తి బిగించేవాడు. నేను తోటి ఆడపిల్లలతో గచ్చకాయలు ఆడేదాన్ని, ఓడిపోతే ఒప్పుకునేదాన్ని కాదు. మధ్యాహ్నాలు ఎండు చేపల పులుసు, జొన్న గట్క, ఎవరో ఒకరు దాచిపెట్టి ఇచ్చే ఎండిన ఇప్పపువ్వు. ఎక్కువ పెట్టేది కన్నమ్మవ్వ. ఊళ్ళో పెద్ద వయసు ఆవిడే, నడుం వంగింది కానీ మాట వంగలేదు. "సాయిబు బిడ్డా, మీ అబ్బ నీకు తిండి పెడ్తలేడా, గీ బక్క కాళ్ళేంది" అని నా పిక్కలు గిల్లేది. నాకు మంట పుట్టేది, అయినా ఆమె పక్కనే కూర్చునేదాన్ని.

కన్నమ్మవ్వ చేను చివర పెద్ద పెద్ద బండలు నిలబెట్టిన గూళ్ళుండేవి. నాలుగు పక్కలా బండ, పైన మూతలాగా ఇంకో బండ. మా వైపు వాళ్ళు వాటిని రాకాసి గూళ్ళనేవాళ్ళు. అవ్వ మాత్రం అవి తమ పెద్దల ఇళ్ళని చెప్పేది, ఆ దారిన పోతున్నప్పుడు గొంతు తగ్గించి మాట్లాడేది. ఆ ఏడు మేం పోయేసరికి రెండు గూళ్ళ మూతలు పక్కకు జరిపి ఉన్నాయి. పట్నం నుంచి తవ్వకాలవాళ్ళు వచ్చి గుడారాలు వేసి, తాళ్ళు కట్టి, చిన్న చిన్న బ్రష్షులతో మట్టి ఊడుస్తూ నెలల తరబడి తవ్వారట. ఎముకలు, కుండలు, ఇనుప కత్తులు, పూసలు తీసి పెట్టెల్లో సర్దుకున్నారట. ఊరు ఊరంతా గట్టుమీద నిలబడి చూసిందట. పెద్దలను లేపి పెట్టారు, ఇక కొత్తలు ఎవరికి పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నదే ఆ పండక్కి ముందు అందరి మనసుల్లో ఉన్న మాట. గిన్నెలు తోమించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా ఎప్పటిలాగా పరాచికాలు ఆడలేదు.

తవ్వకాలకు పెద్ద సారు ఒకాయన, కళ్ళజోడుకు తాడు కట్టుకున్న మనిషి, మంచివాడే. తవ్వి తీసినవి ఎక్కడో బీరువాలో పడేస్తే ఏం లాభం, ఎవరి నేలలో దొరికాయో వాళ్ళు చూడాలని ఆయన ఆశ. వెళ్ళిపోయేముందు బడి వరండాలో బెంచీలు కలిపి, తెల్లగుడ్డలు పరిచి, ఆ వస్తువులన్నీ అమర్చి, ముందు ఒక తాడు కట్టించాడు. మైకు పెట్టించాడు. నేను అందరికంటే ముందు దూరి తాడుకు ఆనుకుని నిలబడ్డాను. ఎర్రపూసలు, మూతిలేని కుండలు, తుప్పుకు ఉబ్బిపోయిన కత్తి, వాటి మధ్య నా రెండు అరచేతులంత రాగి గిన్నె, మొత్తం కిలుము పట్టి పచ్చగా, నాచు పట్టిన రాయిలాగా. అంచున ఒకచోట చిన్న సొట్ట. దాన్ని చూడగానే నాకెందుకో అది ఎవరో అమ్మాయి కింద పడేసి తిట్లు తిన్న గిన్నె అనిపించింది. సారు మైకులో, "ఇవి ప్రభుత్వానివి అనుకోకండి, ఇవి మీ పెద్దల వస్తువులు, ఇవి మీవే, వీటిని మీరే కాపాడుకోవాలి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కన్నమ్మవ్వ కొట్టలేదు. తాడు దగ్గరికి వచ్చి, కళ్ళు చికిలించి, ఆ గిన్నెను చాలాసేపు చూసింది.

మర్నాడు పొద్దున నేను వాగుకు నీళ్ళకు పోయి వచ్చేసరికి అబ్బా తిత్తి పక్కన కూర్చుని చింతపండు, ఇసుక కలిపి ఒక గిన్నెను తోముతున్నాడు. ఎదురుగా కన్నమ్మవ్వ. అబ్బాకు వంకర గిన్నె కనిపిస్తే ఊరుకోలేడు, మాసిన గిన్నె కనిపిస్తే అసలే ఊరుకోలేడు. ఆయన బొటనవేలు రాగి మీద గుండ్రంగా తిరుగుతుంటే పచ్చటి కిలుము నీళ్ళై కారిపోతోంది, దాని కింద నుంచి ఎర్రటి రాగి బయటికొస్తోంది. సగం అయింది. పొయ్యిలో బొగ్గులు రాజుకుంటున్నాయి. నేను బిందె దించుతూ చూశాను. అంచున సొట్ట.

"అబ్బా, అది బడిలో పెట్టిన గిన్నె."

అబ్బా చెయ్యి ఆగిపోయింది. తలెత్తి కన్నమ్మవ్వను చూశాడు. "మా పెద్దల గిన్నె అంటివి గదా పెద్దమ్మా."

"అవ్, పెద్దల గిన్నెనే. ఆళ్ళ గిన్నెల ఆళ్ళకు కొత్తలు పెడ్త. సారే చెప్పిండు గద మావే అని. నేను దొంగతనంగ తెచ్చిన్నా, అందరు చూస్తుంటెనే తెచ్చిన."

నిజమే, అందరూ చూస్తుండగానే తెచ్చింది. కాపలావాడు అన్నం తింటున్నాడట. ఊరివాళ్ళు నలుగురైదుగురు వరండాలోనే ఉన్నారట, ఆమె తాడు ఎత్తి లోపలికి పోయి గిన్నెను కొంగులో చుట్టుకుంటుంటే ఎవరికీ ఆపాలని తోచలేదు. ఎవరి వస్తువు వాళ్ళు ఇంటికి తీసుకుపోతుంటే ఎవరు ఆపుతారు. మైకులో చెప్పిన మాటను ఆ ఊరివాళ్ళు మాటలాగానే విన్నారు, ఇచ్చిన మాట అనుకున్నారు. పట్నంవాళ్ళం మనం అట్లా వినం, మీటింగులో అన్నది మీటింగుతోనే పోతుందని మనకు తెలుసు.

అబ్బా గిన్నెను నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచి, ఒళ్ళో పెట్టుకున్నాడు. బడికి పోయి ఇచ్చేస్తానని లేచాడు, కన్నమ్మవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. మాది తీసుకుపోయి వాళ్ళకు ఇయ్యడానికి నువ్వెవరు అంది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. అప్పటికే బడి దగ్గర కేకలు మొదలయ్యాయి, కాపలావాడు సైకిలెక్కి సారును వెతుక్కుంటూ పోయాడని, దారిలో ఠాణా కూడా ఉందని పిల్లలు పరుగెత్తుకొచ్చి చెప్పారు. ఊరివాళ్ళు చుట్టూ చేరి తలా ఒక మాట చెప్పారు. గిన్నె ఆమెకిచ్చి జల్దీ సామాను సర్దుకో సాయిబూ, వాగు దాటితే అడవి దారిన పినపాక రోడ్డెక్కొచ్చు అన్నారు. నేను అప్పటికే తగరం సంచీ మూతి కట్టేశాను. అబ్బా దాన్ని మళ్ళీ విప్పాడు. "సగం తోమి పారిపోతే నేను దొంగనయిత బేటీ. ఆమె కూడ దొంగయితది" అన్నాడు. ఊళ్ళోవాడొకడిని పిలిచి, గిన్నె నా దగ్గరే ఉంది, తోమింది నేనే అని సారుకు చెప్పమని పంపాడు. ఆ మాట ఆయన నోట వినగానే నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. వేరే ఎవరి మొగుణ్ణో తండ్రినో అట్లా నిజం చెప్పమనండి, మెచ్చుకుంటాను. నా తండ్రి చెబితే మాత్రం నాకు నచ్చలేదు.

ఆ మధ్యాహ్నం ఎంత పొడుగుందో నాకు ఇప్పటికీ తెలుసు. పొయ్యి చల్లారింది. తోమాల్సిన బిందెలు వరసగా అట్లాగే ఉన్నాయి, వాటి యజమానురాళ్ళు తీసుకుపోనూ లేదు, అడగనూ లేదు. కన్నమ్మవ్వ పెట్టిన గట్క నా నోట్లో తిరిగిందే కానీ దిగలేదు. ఎక్కడ చక్రం చప్పుడైనా నేను అబ్బా లుంగీ అంచు పట్టుకునేదాన్ని. ఎడ్లబండి అని తెలిశాక వదిలేదాన్ని. అబ్బా నమాజు చేసుకున్నాడు, మళ్ళీ వచ్చి గిన్నె ఒళ్ళో పెట్టుకున్నాడు. రాగి పలచబడి కాగితమంత ఉందని, పొయ్యి మీద పెట్టి ఉంటే చేతిలోనే చీలిపోయేదని, అల్లా కాపాడాడని ఒక్కసారి మాత్రం అన్నాడు.

పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. ముందు కానిస్టేబుల్ దిగాడు, వెనక సారు. గిన్నెను చూడగానే సారు నేల మీదే కూలబడ్డాడు. రెండు చేతులా అందుకుని తిప్పి చూశాడు, సగం పచ్చ, సగం ఎరుపు, మధ్యన గీత గీసినట్టు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వేల ఏళ్ళు మట్టిలో ఉండి సంపాదించుకున్న రంగును ఒక పూటలో కడిగేశారని ఆయన గొణిగిన మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. మాకు కిలుమంటే విషం. కిలుము గిన్నెలో పులుసు తిని మనుషులు పోవడం అబ్బా చూశాడు, దాన్ని వదిలించడమే ఆయన బతుకు. కానిస్టేబుల్ అబ్బా మెడ దగ్గర బనీను పట్టుకుని లేపాడు. నేను అబ్బా లుంగీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

కన్నమ్మవ్వ లేచి ఇద్దరి మధ్యకు వచ్చింది. "ఆయన్ని ఎందుకు పట్టుకుంటవు. తెచ్చింది నేను."

"అమ్మా, అది సర్కారుదమ్మా" అన్నాడు సారు నెమ్మదిగా.

"నిన్న మావే అంటివి."

"అన్నాను."

"అబద్ధం చెప్పినవా?"

ఊరంతా సారు నోటికేసి చూస్తోంది. నేనూ చూస్తున్నాను, ఆ నోట్లోంచి వచ్చే మాట మీదే మా అబ్బా ఇంటికి రావడం రాకపోవడం ఉంది. ఆయన చేతిలో గిన్నెను చూసుకుంటూ, "అబద్ధం కాదు" అన్నాడు.

"మరి మా గిన్నె మేం తోమిచ్చుకుంటె సాయిబు తప్పేంది?"

సారు కానిస్టేబుల్ వైపు తిరిగి, "వదలండి. తోమమని గిన్నె ఇచ్చింది నేనే" అన్నాడు. కానిస్టేబుల్ నవ్వాడు. "గట్లనే రాసుకొమ్మంటరా సారూ? నౌకరీ పోతది" అన్నాడు. రాసుకోండి అన్నాడాయన. అయినా సరే, ఫిర్యాదు వచ్చింది కాబట్టి సాయిబు ఠాణాకు వచ్చి చెప్పాల్సిందే అన్నాడు కానిస్టేబుల్. ఇక గిన్నె తీసుకుని కదలబోతుంటే కన్నమ్మవ్వ, "రేపు పండుగ, ఒక్క పూట ఉంచు" అంది. గిన్నె అంచును వేళ్ళతో పట్టుకుంది. ఉంచలేనని, కావాలంటే ఇప్పుడే పెట్టుకొమ్మని సారు అన్నాడు. ఊరి పూజారి ఎర్రబడుతున్న ఆకాశం చూసి, పొద్దు గుంకకముందైతే తప్పులేదన్నాడు. ఆడవాళ్ళు పరుగు. రోకళ్ళ చప్పుడు, పొగ, ఎవరో చంటిపిల్లవాణ్ణి ఎవరి చంకలోకో తోసేయడం. అన్నం సగం ఉడికీ ఉడకకుండానే తెచ్చారు.

అబ్బా అడ్డుపడ్డాడు. అప్పటిదాకా జీపు పక్కనే నిలబడినవాడు ముందుకు వచ్చి, మోదుగాకు ఒకటి తుంచి, కడిగి, గిన్నెలో పరిచాడు. "కళాయి లేని గిన్నెల వట్టిగ పెట్టకు పెద్దమ్మా. చచ్చిపోయినోళ్ళకయినా కిలుము మంచిది గాదు" అన్నాడు. కన్నమ్మవ్వ ఆ ఆకులో కొత్త అన్నం పెట్టి, గిన్నెను మూత తీసిన గూడు దగ్గరికి తీసుకుపోయి, వాళ్ళ భాషలో ఏవో చెప్పి, మళ్ళీ తెచ్చి సారు చేతిలో పెట్టింది. ఆకును మాత్రం ఉంచుకుంది. అందులోంచి ఒక ముద్ద తీసి నా నోట్లో పెట్టింది. నేను మింగేలోపు జీపు కదిలింది, వెనక సీట్లో అబ్బా, ముందు సీట్లో సారు ఒళ్ళో గిన్నె.

ఆ రాత్రి నేను కన్నమ్మవ్వ ఇంట్లోనే ఉన్నాను. అబ్బా మర్నాడు సాయంత్రం ఆ ఊరికి తిరిగి వచ్చాడు, బస్సు దిగి అడవి దారిన నడుచుకుంటూ. కొట్టలేదన్నాడు. నేను నమ్మాను, ఇంటికి పోయాక అమ్మీ నమ్మలేదు. సారును ఎక్కడికో బదిలీ చేశారని తరవాత ఏడు తెలిసింది. అబ్బా మళ్ళీ ఆ ఊరు పోయాడు, ఏటా పోయాడు, కన్నమ్మవ్వ కన్నుమూసేదాకా ఆయనకు కొత్త బియ్యం కొంగులో కట్టి ఇస్తూనే ఉంది. కానీ ఆ రోజు నుంచి ఎవరు ఏ గిన్నె తెచ్చినా చేతిలోకి తీసుకోకముందు "ఇది ఎవరిది?" అని అడిగేవాడు. నాదే సాయిబూ, మా అమ్మ పెట్టింది, ఏండ్ల సంది నీతోనే తోమిస్తున్న గదా అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు. స్టీలు వచ్చింది, అల్యూమినియం వచ్చింది, అడిగేందుకు గిన్నెలే లేకుండా పోయాయి. తిత్తి అటక మీద ఎలుకలు కొరికాయి. అబ్బా పాత ఇత్తడి గిన్నెల్లో ఒక్కటి కూడా మా ఇంట్లో మిగల్లేదు, నేనే తూకానికి అమ్మి పిల్లల పెళ్ళిళ్ళు చేశాను. ఆయన చేతి పని ఈ లోకంలో ఎక్కడైనా మిగిలి ఉందంటే అది ఆ మ్యూజియంలోనే.

సానియా నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. బయట కళాయి పోస్తున్న ముసలాయన ఎవరో, నిజామాబాదు వైపు మనిషట, నన్ను చూసి సలాం చెప్పాడు. లోపల చల్లగా ఉంది. అద్దాల పెట్టెలో, చిన్న లైటు కింద, అంచున సొట్టతో, ఆ గిన్నె. నేను అనుకున్నదానికంటే చిన్నది. చుట్టూ బడిపిల్లలు, మధ్యలో చక్కగా మాట్లాడే ఒక అమ్మాయి. "ఎవరో తెలియనివాళ్ళు దీన్ని గీకి పాడుచేశారు పిల్లలూ. అందుకే మనం ఇట్లాంటివి ముట్టుకోకూడదు. ఇవన్నీ మీవే కదా, మీరే కాపాడుకోవాలి" అంటోంది.

నేను ఊరుకునేదాన్నే అయితే అమ్మీ నన్ను అడవికి పంపేదే కాదు. "పాడుచేయలేదమ్మా, సగం తోమిండు. కళాయి పోసే మనిషి. మా అబ్బా" అన్నాను. పిల్లలంతా నావైపు తిరిగారు. ఎందుకు తోమాడని ఒక పిల్ల అడిగింది. అన్నం పెట్టడానికి అన్నాను. ఎవరికి అంది. ఆ బండల కింద ఉన్నవాళ్ళకు అన్నాను. వస్తువులు చూపిస్తున్న అమ్మాయి తెల్లబోయింది, కాస్త వివరంగా చెబుతారా ఆంటీ అని మైకు నా చేతికి ఇవ్వబోయింది. మైకు వద్దన్నాను.

సానియా అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. "నానీ, ముత్తాత తోమింది ఏ సగం?" అంది.

వంగి చూశాను. కుడివైపు అనుకున్నాను, కాదు, ఎడమవైపు. ఎరుపు లేదు. మధ్యన గీత లేదు. ఎర్రటి రాగి ముందు గోధుమరంగు తిరిగినట్టుంది, దాని మీద అంచు నుంచి మెల్లగా పచ్చ పాకుతూ వచ్చి రెండు సగాలూ ఒకటే అయిపోయాయి. సారు బతికి ఉంటే సంతోషించేవాడు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు ఆగలేదు, పొగ బయటే ఉండిపోయింది కాబట్టి పొగ అని చెప్పుకోవడానికీ లేదు. ఇదిగో ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని సానియాకు అద్దం మీద వేలితో గీసి చూపించాను, ఊహించే చూపించాను. వెనక నుంచి గార్డు వచ్చి, అద్దం ముట్టుకోకూడదమ్మా అని మర్యాదగానే చెప్పి, జేబులోంచి గుడ్డ తీసి నా వేలిముద్ర తుడిచేశాడు.